చీర పట్టుకున్న చేయి

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక చీర కొస. నవ్వకండి. చీర కొసకి ఏం బరువుంటుంది అని మీకు అనిపిస్తుంది. నాకూ చాలాసార్లు అనిపించింది, అలా అనుకునే ఇంతకాలం నెట్టుకొచ్చాను. కానీ బుధవారం నుంచి అన్నం సహించడం లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. కన్ను మూయాలంటే భయం. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

పేరు అడగకండి. టీవీ సీరియళ్ళు చూసే అలవాటుంటే నన్ను చూసే ఉంటారు. హీరోయిన్ అత్తగారి పక్కన నిలబడి మూతి తిప్పే పిన్నులు ఉంటారు కదా, అందులో ఒకదాన్ని. ఉండేది కృష్ణానగర్‌లో. పనంతా పైన, ఫిల్మ్‌నగర్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో.

ముందు కల గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది చెప్పలేను.

కలలో ఒక పెద్ద బంగళా పెరడు. నా ఒంటిమీద బట్ట ఉండదు. చేతిలో చీర ఉంటుంది కానీ ఎంత చుట్టుకున్నా చాలదు, చుట్టేకొద్దీ జేబురుమాలంత అయిపోతుంది. చుట్టూ మగవాళ్ళు ప్లేట్లలో ఉప్మా తింటూ ఉంటారు. ఎవరూ నవ్వరు. నవ్వినా బాగుండేది. తింటూనే చూస్తారు. వాళ్ళ మొహాలు నాకు కనబడవు. చెప్పులు కనబడతాయి, లుంగీ అంచులు, ప్యాంట్ల మడతలు కనబడతాయి. ఒకడి బొటనవేలికి సున్నం అంటుకుని ఉంటుంది, ప్రతిసారీ ఉంటుంది. అప్పుడు నాకు కలిగేది బుగ్గలు ఎర్రబడే సిగ్గు కాదు. ఇక మనుషుల్లో తిరగలేను, ఇక్కడే చచ్చిపోతే నయం అనిపించే సిగ్గు. మెలకువ వచ్చాక కూడా పోదు. దుప్పటి మెడదాకా లాక్కుని, ఒంటిమీద బట్టలున్నాయో లేదో తడుముకుంటాను. మా ఆయన అటు తిరిగి పడుకుని, మళ్ళీనా అంటాడు.

విచిత్రం ఏమిటంటే, నా బతుకులో నన్ను అలా ఎవరూ చూడలేదు. ఒట్టు. మరి ఇంత సిగ్గు నాకెక్కడిది? ఎవరిది తెచ్చి నా నెత్తిన పెట్టారు?

అర్థం కోసం తిరగని చోటు లేదు. మా మేకప్ ఆవిడ, అలాంటి కలొస్తే పరువు పోయే కాలం దగ్గర పడినట్టే అంది. ఆ రోజంతా కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోన్లో ఒక జ్యోతిష్కుడు, ఆ కల వస్తే పట్టిందల్లా బంగారమే అన్నాడు. నా మొహం! దీనికంటే మేకప్ ఆవిడే నయం అనుకున్నాను.

పోయిన నెల కల పగలే వచ్చింది. షూటింగ్‌లో భోజనాలయ్యాక మేకప్ కుర్చీలోనే కునుకు పట్టింది. “జారింది, జారింది” అని అరిచానట. కళ్ళు తెరిచేసరికి అందరూ పగలబడి నవ్వుతున్నారు, పాపం కుచ్చిళ్ళు జారాయనుకున్నారు. నేనూ నవ్వాను. మేకప్ కింద ముచ్చెమటలు పట్టాయి. ఇవాళ నిద్రలో కూడా అబద్ధమే ఆడాను, సరే. రేపు నిద్రలో నిజం వాగితే?

ఆ సీరియల్ హీరోయిన్ మంచి పిల్ల. నా వాలకం చూసి బంజారాహిల్స్‌లో తను వెళ్ళే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కలంతా ఓపిగ్గా వింది. కలలో సిగ్గుకి అందరికీ ఒకే అర్థం ఉండదని, పగలు మనం పడకుండా దాటేసిన సిగ్గు ఒక్కోసారి కలలో వచ్చి కూర్చుంటుందని చెప్పింది. తర్వాత నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగింది. ఆ పెరట్లో ఉండాల్సిన మనిషి ఎవరైనా మీ కలలో కనబడకుండా ఉన్నారా అని. షూటింగ్ టైమైందని అబద్ధం చెప్పి లేచి వచ్చేశాను. మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు.

కనబడని మనిషి పద్మ.

పద్మది మెదక్ వైపు. మేం యూసుఫ్‌గూడలో ఉన్నప్పుడు మా పక్క గదిలో ఉండేది. నాకంటే చిన్నది, చంకలో పిల్ల, మొగుడు ఆటో నడిపేవాడు. నన్ను అక్కా అని పిలిచేది. అప్పటికి నేను జూనియర్ ఆర్టిస్టుని, అంటే పెళ్ళిలోనో జాతరలోనో గుంపులో నిలబడే మనిషిని. పద్మని ఆ పనిలోకి తీసుకెళ్ళింది నేనే. భయపడకు, నేనున్నాను కదా అని తీసుకెళ్ళాను.

ఇప్పుడంటే చాలాచోట్ల గుంపులో ఆడవాళ్ళకి కూడా ఒక గది చూపిస్తున్నారు. అన్నిచోట్లా కాదు. అప్పట్లో బట్టలు మార్చుకునే కారవాన్ బండి పెద్ద ఆర్టిస్టులకే. మాకు గోడ చాటు, అదీ లేకపోతే చీర చాటు. నలుగురు ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టుకుని చుట్టూ నిలబడితే మధ్యలో ఒకళ్ళు బట్టలు మార్చుకునేవాళ్ళు. పట్టుకున్నవాళ్ళు మొహం బయటికి తిప్పుకోవాలి. దోమ కుట్టినా, మేనేజర్ వచ్చి తిట్టినా, లోపలున్న మనిషి అయిందనేదాకా కొస వదలకూడదు. ఈ సంగతి ఎవరూ నేర్పరు. మొదటి రోజే తెలిసిపోతుంది, ఎందుకంటే కాసేపటికి లోపల నిలబడే వంతు మనకీ వస్తుంది.

ఆ రోజు జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే బంగళాలో పెళ్ళి సీను. పెళ్ళికూతురి స్నేహితురాలికి ఒక డైలాగు ఉంది. ముహూర్తం దగ్గర పడుతోంది రమ్మని పిలవడం, అంతే. మీకు అది ఏమీ కాదు. మాకు డైలాగు పడిందంటే గుంపులోంచి బయటికి వచ్చినట్టు. కెమెరా మన ఒక్కరి మొహం మీదికి వస్తుంది. తర్వాతి సినిమాకి ఆ అమ్మాయిని పిలవండి అంటారు. అసిస్టెంట్ డైరెక్టర్ ముందురోజు దాన్ని నాకే ఇస్తానన్నాడు. ఆ ఒక్క ముక్కని అద్దం ముందు నిలబడి ఎన్ని రకాలుగా అనుకున్నానో లెక్కలేదు. తీరా పొద్దున డైరెక్టర్ మమ్మల్ని వరసగా నిలబెట్టి చూసి, వేలితో పద్మని చూపించి, ఆ అమ్మాయికి పట్టుచీర కట్టమన్నాడు. నా వైపు చూడనైనా చూడలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పద్మకి ఇదేమీ తెలియదు. మాట ఎలా అనాలో కాస్త నేర్పమని నా దగ్గరికే వచ్చింది. నేర్పాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో, అంతా నవ్వుతూ నేర్పాను. లోపల కుళ్ళుకుంటూ నేర్పాను. నేను పిలిస్తే వచ్చిన మనిషి, నిన్నగాక మొన్న కెమెరా ఏదో లైటు ఏదో తెలియని మనిషి, నన్ను దాటి పోతుందా? ఇదీ ఆ పూట నా బుద్ధి. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను. లేదు.

బంగళా వెనక నీళ్ళ ట్యాంకు పక్కన చీరలు పట్టాం. నాలుగడుగుల అవతల లైట్ల వాళ్ళు, ప్రొడక్షన్ వాళ్ళు ఉప్మా తింటున్నారు. వాళ్ళవైపు కొస నా చేతిలో ఉంది. లోపల పద్మ గాజులు చప్పుడవుతున్నాయి. బట్టలు మార్చుకుంటూ ఆ డైలాగు మెల్లగా అనుకుంటోంది. నేను నేర్పినట్టే అంటోంది. నాకంటే బాగా అంటోంది. అప్పుడే సెట్‌లోంచి, షాట్ రెడీ అని కేక వినబడింది.

ఆ కేకకి అదిరిపడ్డానని, చీర చేతిలోంచి జారిందని అందరికీ చెప్పాను. అక్కడున్న ఆడవాళ్ళకి చెప్పాను, మేనేజర్‌కి చెప్పాను, మా ఆయనకి చెప్పాను, పద్మకి చెప్పాను. చెప్పి చెప్పి నాకే నిజమనిపించిన రోజులు కూడా ఉన్నాయి. కానీ రోజూ వినే కేకకి అదిరిపడతానా నేను? జారలేదు. వదిలాను. వేళ్ళు విప్పాను. విప్పేముందు, ఇది ఇంతవరకు నాలో నేను కూడా గట్టిగా అనుకోలేదు, వాళ్ళు ఇటు చూస్తున్నారా అని చూశాను. చూస్తున్నారు. అప్పుడు వదిలాను.

పద్మ అరవలేదు. అక్కడే కూలబడి మోకాళ్ళలో తల దాచుకుంది. ఒకడు ఈల వేశాడు. ఒకడి చేతిలో ఫోన్ ఉంది. వాడు ఫొటో తీశాడో, ఫోన్లో తన పని తాను చూసుకుంటున్నాడో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. మిగతా ఆడవాళ్ళు గబగబా పరిగెత్తి కప్పారు. నేను కప్పలేదు. ఆ తర్వాత బావురుమని ఏడ్చాను. దొంగేడుపు కాదు, నిజంగానే వచ్చింది. కానీ ఎవరికోసం ఏడ్చాను? ఏం చేశానో చూసుకుని భయమేసి, నాకోసం ఏడ్చాను.

పట్టుచీర కట్టుకున్నాక పద్మ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను. నా చేయి పట్టుకుంది, ఆ చేయే.

“ఏడ్వకక్కా. చేతిలకెల్లి జారితే నువ్వేం జేస్తవ్?”

“ఆ కేక విని... నేను...”

“నాకెర్కనే. నేనేమన్న అన్ననా నిన్ను? ఊకో.”

పళ్ళు టకటకలాడుతున్నాయి తనకి, ఆ మాటలంటుంటే. నన్ను ఓదార్చి షాట్‌కి వెళ్ళింది.

డైలాగు రాలేదు. ఎన్ని టేకులు తీసినా, ఎదురుగా ఉన్న మగవాళ్ళని చూడగానే చూపు నేల మీదికి పోయేది. డైరెక్టర్ విసుక్కుని, ఇంకెవరైనా ఉన్నారా అన్నాడు. అసిస్టెంట్ నన్ను చూపించాడు. తన ఒంటిమీది పట్టుచీర విప్పించి నాకు కట్టారు. అది ఇంకా వెచ్చగా ఉంది. నేను మార్చుకుంటుంటే చీరలు అడ్డం పట్టినవాళ్ళలో పద్మ కూడా ఉంది. నేను అయిందనేదాకా కొస వదల్లేదు.

డైలాగు ఒకే టేకులో చెప్పాను. అందరూ బాగుందన్నారు.

ఆ ముక్కతోనే నాకు తర్వాత సినిమా వచ్చింది, దాని తర్వాత సీరియళ్ళు వచ్చాయి. పద్మ మళ్ళీ షూటింగుల మొహం చూడలేదు. ఎవరి చేతిలో ఫోన్ కనబడినా కొంగు భుజాల మీదికి లాక్కునేది. ఆ ఫొటో ఎక్కడుందో, ఎప్పుడు ఎవరి కంట పడుతుందో అని ఏళ్ళ తరబడి బిక్కుబిక్కుమంటూ బతికింది. ఎవరో చెబితే మొగుడికి తెలిసి రచ్చ చేశాడు, పుట్టింటికి పంపేశాడు, మళ్ళీ తెచ్చుకున్నాడు. అప్పుడు మధ్యవర్తిగా వెళ్ళి, అందులో తన తప్పేం లేదు తమ్ముడూ అని చెప్పిందెవరు? నేనే. ఎంత బాగా చెప్పానో! ఆ తర్వాత వాళ్ళు మధురానగర్ మారారు. పద్మ మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. నా బ్లౌజులన్నీ తనే కుడుతుంది. బోనాలకి ఏటా పిలుస్తుంది. వెళ్ళి కూర్చుని తింటాను.

ఇప్పుడు మీకు కల అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం డాక్టరమ్మ దగ్గరనుంచి వచ్చిన రోజు, బస్సులో కూర్చుని ఉండగా తెలిసింది. ఆ రోజు పెరట్లో నేను నిలబడి ఉన్నాను. నాకు మనుషుల మొహాలు కనబడ్డాయి, కళ్ళు కూడా కనబడ్డాయి. చెప్పులు, లుంగీ అంచులు, సున్నం అంటిన బొటనవేలు కనబడేది నేల మీద కూలబడి తల దించుకున్న మనిషికే. కలలో నేను చూసేది పద్మ చూసింది. నేను పడే సిగ్గు పద్మది. అంతా తను పడిందని, నాకేం అంటలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందులో నా వాటా నా దగ్గర ఇంకా మిగిలే ఉంది. ఆ బొటనవేలిని నేను నిజంగా చూశానా, కలే కల్పించిందా? తెలియదు. పద్మని అడిగితే చెబుతుందేమో. ఎలా అడగను?

బుధవారం పద్మ ఫోన్ చేసింది. తన కూతురు మౌనిక, ఆ రోజుల్లో చంకలో ఉన్న పిల్ల, ఇప్పుడు ఎదిగిన ఆడపిల్ల. సినిమాల్లో చేస్తానని పట్టుబట్టిందట. వద్దని తల్లి ఎంత మొత్తుకున్నా వినలేదట. సోమవారం మొదటి షూటింగ్, జూబ్లీహిల్స్‌లోనే, నేనున్న సీరియల్లోనే, గుంపులో. ఇదంతా చెప్పి చివరికి అసలు మాట అంది.

“అక్కా, బట్టలు మార్చుకునే కాడ జర దాని పక్కపొంటి నువ్వే నిలబడు. వేరేటోళ్ళ మీద నాకు నమ్మకం లేదు.”

అలాగేలే అన్నాను. ఏమనాలి మరి? ఫోన్ పెట్టేశాక వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

నా భయం ఎవరికో తెలిసిపోతుందని కాదు. ఆ భయం పాతది, దానితో ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఇది వేరు. మౌనికని మొన్న చూశాను, పేరు రాయించుకోవడానికి మా సెట్‌కి వచ్చింది. తల్లి పోలికే, తల్లికంటే చలాకీ. అందరూ ఆ పిల్ల వైపే చూస్తున్నారు. అప్పుడు నాలో సన్నగా ఏదో కదిలింది. చిన్నది, చాలా చిన్నది. కానీ దాన్ని గుర్తుపట్టాను, ఒకసారి చూసిందే కదా. ఇంత వయసొచ్చి, కూతురిలాంటి పిల్లని చూసి! ఛీ అనుకున్నాను. సోమవారం ఆ పిల్ల చీర చాటున నిలబడి ఉన్నప్పుడు నా చేయి ఏం చేస్తుంది? మళ్ళీ చేయదు అని మీరంటారు. ఆ రోజు పొద్దున అడిగి ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని. నా చేయంటే నాకు భయంగా ఉంది. అన్నం కలుపుకుంటూ దాన్నే చూస్తున్నాను.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇవాళ ఆదివారం.

పొద్దున్నే, మా ఆయన బయటికి వెళ్ళగానే, పద్మకి ఫోన్ చేశాను. టిఫిన్ అయిందా అని అడిగింది. వెనక మిషన్ చప్పుడు వినబడుతోంది. ఏవేవో ముందుమాటలు తయారుచేసుకున్నాను, ఒక్కటీ నోటికి రాలేదు. పద్మా, ఆ రోజు చీర జారలేదు అన్నాను. తనకి అర్థం కాలేదు. ఏ చీర అక్కా, నీ బ్లౌజు ఇంక కుట్టలేదు, మంగళారం ఇస్తా అంది. మిషన్ తొక్కుతూనే ఉంది.

అక్కడితో ఆగిపోవచ్చు. సరే మంగళవారమే ఇవ్వు అని పెట్టేయచ్చు. పెట్టేయబోయాను కూడా. ఇంత దాచినదాన్ని ఇంకొంత దాచలేనా అనిపించింది. కానీ ఇప్పుడు పెట్టేస్తే రేపు ఆ పిల్ల పక్కన నేను నిలబడతాను.

“ఆ బంగళాలో. నీ చీర నేను కావాలని వదిలాను పద్మా. డైలాగు నీకిచ్చారని కుళ్ళుతో వదిలాను. వాళ్ళు చూస్తున్నారో లేదో చూసి మరీ వదిలాను.”

మిషన్ ఆగిపోయింది. లైన్ కట్టయిందేమోనని ఫోన్ చెవి దగ్గరనుంచి తీసి చూశాను, కాలేదు. పెడబొబ్బలు పెట్టి తిడితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

“అటెన్క గూడ మా ఇంట్ల అన్నం తిన్నవు గదా నువ్వు” అంది.

“తిన్నాను” అన్నాను.

ఫోన్ పెట్టేసింది.

క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం లేదు, అడిగితే ఆ భారం కూడా తన మీదే వేసినట్టు. మళ్ళీ ఫోన్ రాలేదు. రేపు మౌనిక వస్తుందో రాదో తెలియదు. వస్తే పక్కన ఉండమని మా మేకప్ ఆవిడకి చెప్పాను. ఎందుకు నువ్వుండవా అంటే, నేను పనికిరాను అన్నాను. పద్మ ఎవరికి చెబుతుందో, వాళ్ళాయన వస్తాడో, తనే వస్తుందో, వస్తే ఏం చేస్తుందో తెలియదు. మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా ఒళ్ళు చల్లబడుతోంది. పాలవాడు వచ్చినా అదే, పై వాటా వాళ్ళు వచ్చినా అదే. ఇంత భయం ఎప్పుడూ పడలేదు.

తలుపు గడియ మాత్రం వేయలేదు. వచ్చేవాళ్ళకి చెప్పడానికి ఈసారి ఏ అబద్ధమూ సిద్ధం చేసుకోలేదు. అది లేకుండా కూర్చోవడం నాకు కొత్త. ఊపిరి కాస్త ఆడుతోంది.